ఉప్పుగాలిలో లెవెన్ కేవీ

మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా రేడియో గది నిలబడింది, యాంటెన్నా కూడా నిలబడింది. పోయిందేమీ కనపడలేదు. ఆ తుపాను మాకు పెట్టిపోయిన పని ఎండలు మొదలయ్యాక బయటపడింది.

ఆ గది ఉన్నది బాపట్లకు దిగువన, రొయ్యల చెరువుల మధ్య. రాత్రిపూట అక్కడికి సముద్రం హోరు వినిపిస్తుంది. చెరువుల ఆసామి గట్టు మీద మేత బస్తాల కోసం షెడ్డు వేయించుకుని, దానికి ఆనుకున్న చిన్న గది మాకు వదిలేశారు. చుట్టుపక్కల ఊళ్ల హామ్‌లం, అంటే సరదా కొద్దీ సొంత రేడియో స్టేషన్లు నడుపుకునేవాళ్లం, కొందరం కలిసి అక్కడ 12 మీటర్ల ఇనపగొట్టం నిలబెట్టాం. దాని కొస నుంచి రెండు వైపులా పదేసి మీటర్ల రాగితీగ ఏటవాలుగా దిగుతుంది. 40 మీటర్ల బ్యాండుకు, అంటే 7 మెగాహెర్ట్జ్‌కు, సరిపోయే కొలత అది. ఒక సోలార్ పలక, ఒక బ్యాటరీ, 100 వాట్ల సెట్టు. ఊళ్లో మేడ మీద హాయిగా పెట్టుకోవచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. తుపాను తగిలేది ఇక్కడ కనుక స్టేషనూ ఇక్కడే ఉండాలని మా పట్టుదల.

అంత తక్కువ ఎత్తులో కట్టిన తీగ నుంచి తరంగాలు దాదాపు నిటారుగా పైకి పోయి, అయనావరణం దగ్గర వంగి మళ్లీ నేలకు దిగుతాయి. పగటివేళ చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు ఎక్కడికైనా అందుతాయి. హైదరాబాదు, చెన్నై, కర్నూలు, రాజమండ్రి అన్నీ ఆ పరిధిలోవే. కరెంటూ సెల్లూ ఒక్కసారే పోయిన రోజున జిల్లాకు కావలసిన దూరం సరిగ్గా అదే.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సెట్టు పెడితే ఆ బ్యాండు మొత్తం ఒకటే గోల. ముతక గుడ్డను ఆపకుండా చింపుతున్నట్టు బరబరమంటోంది. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మామూలుగా 3 దగ్గర ఉండేది, 8 మీద నిలబడింది. ఆ మీటరు మీద ఒక్కో అంకె 6 డెసిబెల్స్. అయిదు అంకెలు పెరిగిందంటే 30 డెసిబెల్స్, అంటే శక్తిలో 1,000 రెట్లు. అంతకుముందు ఎవరో 1 వాటుతో పలికితే మాకు అందిన మాట, ఇప్పుడు అందాలంటే వాళ్లు 1,000 వాట్లు పంపాలి. మా దగ్గర ఎంత పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉన్నా దీనికి మందు కాదు. మనం పలకడం ఎటూ వాళ్లకు వినిపిస్తుంది, మనకే వాళ్లు వినపడరు.

ఆపద వేళ పలికేవాళ్లు ఎప్పుడూ బలహీనంగానే పలుకుతారు. తడిసిన బ్యాటరీ, ఏ చెట్టుకో వేలాడే తీగ, ఉన్నపాటున దొరికిన సెట్టు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు భారతి ప్రసాద్ గారు అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికని ముందే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. వీయూ4ఆర్‌బీఐ అనే ఆమె పిలుపుపేరు ఆ తర్వాత దీవులకూ దేశానికీ మధ్య కబుర్లు మోసింది. అటువైపు ఆమె ఉన్నారు సరే. ఇటువైపు ఆ గొంతును విడదీసి పట్టుకోగల నిశ్శబ్దం ఉండాలి. నా లెక్కలో స్టేషన్‌కు మొదటి ఆస్తి ఆ నిశ్శబ్దం. సెట్టూ తీగా దాని తర్వాతే.

ముందు మా ఇల్లు మేం వెతుక్కున్నాం. షెడ్డు మెయిన్ దించి, సెట్టును బ్యాటరీ మీద నడిపాం. గోల అలాగే ఉంది. చెరువుల ఆసామి, "ఏరియేటర్ మోటార్లేమో చూడండి మాస్టారూ, రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి" అన్నారు. ఆయన అనుమానం సబబుగానే ఉంది. కానీ అవి త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటార్లు. వాటిలో బ్రష్షులుండవు, బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వలూ ఉండవు. గట్టు మీది ఒక ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు మాత్రం 14 మెగాహెర్ట్జ్ మీద గుయ్‌మంటోంది. దాని డ్రైవర్ మార్పించాం. అసలు గోల ఇంకెక్కడో ఉంది.

ఈ వేటలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఒక నోటుపుస్తకం. గోల ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, గాలి ఎటునుంచి, ఎండా మబ్బా, సప్లై ఉందా పోయిందా అన్నీ రాసిపెట్టమని అక్కడ కాపలా ఉండే పెద్దాయనకూ, వచ్చిపోయే మా వాళ్లకూ చెప్పాం. కొన్నాళ్లకు ఆ పేజీలు చదువుతుంటే రెండు సంగతులు తేలాయి. మొదటిది, గోల ఒకటి కాదు, రెండు. పొద్దెక్కాక ఎండ కాసి గాలి లేస్తే ఒకటి వస్తుంది. నాలుగు చినుకులు పడితే టక్కున ఆగుతుంది, రాత్రి మంచు దిగితే ఆగుతుంది. రెండో గోల దీనికి పూర్తిగా తలకిందులు. అర్ధరాత్రి దాటి, సముద్రం మీంచి చెమ్మగాలి తిరిగాక మొదలై తెల్లవారుజామున ముదురుతుంది, ఎండ రాగానే పోతుంది. చెవికి కూడా తేడా తెలుస్తుంది. పగటిది బరబర, రాత్రిది చిటచిట. రెండో సంగతి, ఊరి ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊరికి వచ్చే లైను, పోయినప్పుడు గోల కదల్లేదు. చెరువుల ఫీడర్ పోయినప్పుడల్లా రెండూ చచ్చిపోయాయి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ని అడిగి ట్రిప్పుల వేళలు మా పేజీల పక్కన రాసుకుంటే అనుమానం మిగల్లేదు. ఒక్క అడుగు నడవకుండానే సగం పల్లె మా జాబితాలోంచి తొలగిపోయింది.

ఆ గోల చెరువుల లైను మీద ఎక్కడో ఎగిరే నిప్పురవ్వే అని ఖాయం చేసుకోవడానికి ఇంకో దారి ఉంది. రిసీవర్ని ఏఎంలో పెట్టి, దాని శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపి, అల ఎలా ఉందో చూడాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కో తిరుగుడులో వోల్టేజి రెండుసార్లు శిఖరానికెక్కుతుంది. సందు ఉన్నచోట రవ్వ ఎగిరేది ఆ శిఖరాల దగ్గరే. కనుక తెర మీద సరిగ్గా 10 మిల్లీసెకన్లకొక ముళ్ల గుత్తి కనపడాలి. కనపడింది. ఈ విద్య మీద అమెరికాలో మార్వ్ లాఫ్ట్‌నెస్ అనే ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్‌ది కనుక వాళ్లకు ఈ ఎడం 8.33 మిల్లీసెకన్లు. ప్రతి సందుకూ తనదైన గుత్తి ఉంటుంది. ముళ్లెన్ని, పొడవెంత, వాటి మధ్య ఎడమెంత అన్నవి ఒకదానికీ ఇంకోదానికీ కలవవు. మా యాంటెన్నాలోకి వచ్చిన గుత్తిని బొమ్మ తీసి దాచుకున్నాం. కరెంటు స్తంభం కింద నిలబడినప్పుడు అదే గుత్తి కనపడాలి. లేకపోతే అది వేరే గోల, మన జోలికి రానిది.

ఆ స్తంభాల మీద జరిగేది రేడియో పుట్టుకలో జరిగినదే. హెర్ట్జ్ 1880ల చివర్లో తరంగాలను మొదట పుట్టించింది రెండు లోహాల నడుమ రవ్వ ఎగిరించే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడలు దాటించి చూపిన తరంగాలు కూడా రవ్వ నుంచి పుట్టినవే. రవ్వకు ఒక స్థాయి అంటూ ఉండదు, అన్ని ఫ్రీక్వెన్సీల మీదా ఒక్కసారే పలుకుతుంది. అందుకే రవ్వతో నడిచే ట్రాన్స్‌మిటర్లను తర్వాతి కాలంలో నిషేధించారు. తుప్పు పట్టిన ఒక బోల్టు ఆ నిషేధం దాటి, లెవెన్ కేవీ తీగనే యాంటెన్నాగా చేసుకుని మళ్లీ ప్రసారం మొదలుపెడుతుంది.

గోల 7 మెగాహెర్ట్జ్ మీద ఎక్కువ కనుక అక్కడే వెతకాలని అనిపిస్తుంది. అది దారి తప్పించే పద్ధతి. అంత పొడవాటి తరంగాలు తీగను పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ పాకుతాయి. ఒకచోట ఉబ్బుతాయి, ఇంకోచోట అణుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ తీగ దిగేచోట, లైను రెండుగా చీలేచోట మీటరు ఊరికే ఎగిరిపడుతుంది. బాగా మోగే స్తంభం దొంగ స్తంభం కానక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ గోల పాకే దూరం తగ్గిపోతుంది. అందుకని 7 మీద ఏ వైపో తెలుసుకుని, 144 మీద ఏ నాలుగైదు స్తంభాలో తేల్చుకుని, 434 మెగాహెర్ట్జ్ మీద స్తంభాన్ని పట్టుకోవాలి. భుజాన వేసుకునే పాత ఎఫ్‌టీ-817 సెట్టు ఈ మూడింటినీ ఏఎంలో వింటుంది. 144కు పీవీసీ గొట్టం మీద కొలత టేపు ముక్కలు బిగించి మూడు ఎలిమెంట్ల యాగీ చేసుకున్నాం. చెరువుగట్ల నిండా సర్కారు తుమ్మ. ఆ కంపలో దూరినా టేపు వంగి మళ్లీ నిటారవుతుంది, అల్యూమినియం గొట్టమైతే అక్కడే విరుగుతుంది. చేతిలో యాగీ తిప్పుకుంటూ, దగ్గరయ్యేకొద్దీ గెయిన్ తగ్గించుకుంటూ నడవాలి. తగ్గించకపోతే ఏ వైపు చూసినా మీటరు నిండుగానే ఉంటుంది.

నడిచే ముందు లైన్‌మన్‌ను కలిశాను. ముప్పై దాటని కుర్రాడు. "రేడియోలో గరగర వస్తే మేమేం చేస్తాం సార్, సప్లై వస్తోంది కదా" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు, అతని కింద ఉన్న లైను పొడవు అంత. సెట్టు చెవిలో పెట్టి వినిపించి, తెర మీద గుత్తి చూపించాను. "ఇది రేడియో జబ్బు కాదు బాబూ. మీ లైన్లో రెండుచోట్ల నిప్పు పుడుతోంది. ఒకటి ఎండకు, ఒకటి చెమ్మకు" అన్నాను. చెమ్మ అనగానే అతని మొహం మారింది. "తెల్లారుజామున ఈ ఫీడర్ ఊరికే ట్రిప్ అవుతోంది సార్. లైనంతా తిరిగినా ఏమీ కనపడదు. మళ్లీ వేస్తే నిలుస్తోంది. మా ఇంజనీరు, ఏఈగారు, రోజూ అడుగుతున్నారు" అన్నాడు. ఆ క్షణం నుంచి అది మా ఇద్దరి పని.

అతను ముందే ఒక షరతు పెట్టాడు. స్తంభం ముట్టుకోకూడదు, స్టే వైరు ఊపకూడదు. దారిలో మమ్మల్ని చూసి వెంటపడిన పిల్లల్లో ఒకడు "వెదురుబొంగుతో స్తంభాన్ని ఒక్కటి కొడితే ఏదో తెలిసిపోతుంది కదన్నా" అన్నాడు. లైన్‌మన్ వాణ్ణి ఆపి, పైన లూజుగా ఉన్నది ఆ దెబ్బకు ఊడి కిందపడితే కొట్టినవాడు మిగలడని విడమరిచి చెప్పాడు. రవ్వ ఎక్కడుందో మనకు తెలియదు కనుకనే కదా వెతుకుతున్నాం.

పగటి గోల ఎండ మండే వేళ దొరికింది. లైను మలుపు తిరిగే చోట ఒక సిమెంటు స్తంభం ఉంది. 434 మీద అటు ఒక స్తంభం, ఇటు ఒక స్తంభం దాటితే ఏమీ లేదు. దాని కింద మాత్రం మా గుత్తి, ముల్లుకు ముల్లు సరిపోయింది. ఆ స్తంభం మీద ఏ వస్తువో తెలియాలి. రవ్వ రేడియోతో పాటు మన చెవికందని శబ్దం కూడా చేస్తుంది. దూరం కొలిచే మాడ్యూళ్లలో వాడే 40 కిలోహెర్ట్జ్ సెన్సరును పాత డీటీహెచ్ డిష్ ముందు బిగించి, ఆ శబ్దాన్ని వినపడే స్థాయికి దించే చిన్న సర్క్యూట్ చేసుకున్నాం. డిష్‌ను కొద్దికొద్దిగా తిప్పితే నడిమి ఫేజు పిన్ ఇన్సులేటర్ దగ్గర మాత్రమే బరబర వినపడింది. బైనాక్యులర్స్‌తో చూస్తే బైండింగ్ తీగ సడలి, గాలికి కండక్టరు గాడిలో కదులుతోంది. కింద క్రాస్ ఆర్మ్ పట్టీ బోల్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి పొరలు లేచింది. ఆ తుప్పు పొరే ఇనుముకూ ఇనుముకూ మధ్య సందు. దాని మీద కరెంటు నడవక్కర్లేదు, పక్కన 11,000 వోల్టులుంటే చాలు. విడిగా ఉన్న ఇనుము మీద వోల్టేజి చేరి, వెంట్రుకవాసి సందును దూకుతుంది. చినుకు పడితే నీళ్లు ఆ సందును కలిపేస్తాయి, రవ్వ ఆగుతుంది.

"మిగ్‌జాంకు ఈ స్తంభం ఒరిగితే నిలబెట్టాం సార్" అన్నాడు లైన్‌మన్, పైకి చూస్తూ. ఆ రోజులు నాకు గుర్తున్నాయి. మోకాటిలోతు నీళ్లలో నిలబడి, చీకట్లో చెరువులకు సప్లై ఇచ్చినవాళ్లు వాళ్లు. గాలి ఎన్ని బోల్టులు సడలించిందో లెక్క చూసుకునే వ్యవధి ఎవరికీ లేదప్పుడు.

రాత్రి గోలకు కాపలా పెద్దాయన సాయం వచ్చారు. మేం యాగీ పట్టుకుని తెల్లవారుజామున గట్టు వెంట నడుస్తుంటే, "ఆ డీపీ మీద నీలంగా మెరుస్తుంటుందండీ ఈ వేళప్పుడు" అని చెయ్యి చూపించారు. ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ రాత్రంతా మేలుకుని ఉండేది ఆయనొక్కరే. ఆయన్ని ఈ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. చూపిన డీపీ సముద్రం వైపు కొసన, ఏబీ స్విచ్ ఉన్న జంట స్తంభం. లైటు ఆర్పి కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా నిలబడ్డాం. డిస్క్ ఇన్సులేటర్ల పింగాణీ మీద సన్నటి గీతలు ఒకచోట వెలిగి, ఆరి, పక్కన వెలుగుతున్నాయి. అల్ట్రాసోనిక్ డిష్ అవసరమే పడలేదు.

అక్కడ జరిగేది వేరు. నెలల తరబడి గట్టి వాన లేదు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు పింగాణీ మీద పొరగా పేరుకుంది. పొడిగా ఉన్నంతసేపు ఉప్పు ఏమీ చేయదు. మంచు తడపగానే అది కరెంటును జారవిడుస్తుంది. ఆ కరెంటు వేడికి కొన్నిచోట్ల పట్టీల్లా ఆరిపోతుంది, మొత్తం వోల్టేజి ఆ పొడి పట్టీ మీద పడి రవ్వ దూకుతుంది. బాగా ముదిరితే రవ్వ ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకి ఫీడర్ ట్రిప్ అవుతుంది. ఆ వేడికి మళ్లీ ఆరుతుంది కనుక, వేస్తే నిలుస్తుంది. లైన్‌మన్ పగలు తిరిగినప్పుడు కనపడక, తెల్లవారుజామున సతాయిస్తున్నది అదే. రేడియోకు గోల అయినది లైనుకు ముందస్తు కబురు. ఈ మాట ఏఈగారికి చెప్పినప్పుడు ఆయన మా నోటుపుస్తకం అడిగి తీసుకుని, ట్రిప్పుల రిజిస్టరు పక్కన పెట్టుకుని చదివారు.

మరమ్మతు అంత తేలిగ్గా కుదరలేదు. ఆ ఫీడర్ మీద చెరువులున్నాయి. రాత్రంతా రొయ్యలూ నీటిలోని నాచూ కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి, అది అన్నిటికంటే తగ్గేది తెల్లవారే వేళకు. అప్పుడు ఏరియేటర్లు ఆగితే పంట పోతుంది. ఎండ పొడిచాక నాచు మళ్లీ ఆక్సిజన్ ఇస్తుంది. కనుక ఎల్‌సీ (లైన్ క్లియర్), అంటే సప్లై ఆపి పనిచేసే అనుమతి, తీసుకుంటే పొద్దెక్కాకే తీసుకోవాలని రైతులు, జనరేటర్లు సిద్ధం చేసుకోవడానికి ముందురోజు చెప్పాలని ఇంకొందరు. ఆసామి నాతో పాటు ప్రతి చెరువు దగ్గరికీ వచ్చి మాట్లాడారు. "రేడియో కోసమని చెప్పకండి మాస్టారూ, తెల్లారుజామున ట్రిప్పులు ఆగుతాయని చెప్పండి" అని నేర్పారు. ఆ మాటకు కాదన్న రైతు లేడు. అది నిజం కూడా.

ఆ రోజు ఎండ ఎక్కాక సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ వచ్చింది. సప్లై లేదని పరీక్ష చేసి, పనిచేసే చోటుకు రెండు పక్కలా ఎర్త్ రాడ్లు వేశాకే ఎక్కారు. మలుపు స్తంభం మీద బైండింగ్ కొత్తగా కట్టి, తుప్పు బోల్టులు మార్చి, బిగించారు. డీపీ మీద పింగాణీ డిస్కులు దించి పాలిమర్ ఇన్సులేటర్లు ఎక్కించారు. వాటి సిలికాన్ మీద నీరు పొరగా పరుచుకోదు, బొట్లుగా విడిపోతుంది. తీరంలో అదే మేలు. దించిన డిస్కు ఒకటి చేతిలో పెట్టి చూపించాడు లైన్‌మన్. గాజులా ఉండాల్సిన మెరుపు మీద గోధుమరంగు చారలు, రవ్వ నడిచిన దారులు. వేలితో రుద్దితే గరుకుగా ఉప్పు తగిలింది.

లైన్ క్లియర్ వాపసిచ్చి సప్లై వేసే వేళకు నేను గదిలో సెట్టు ముందున్నాను. ఏరియేటర్లు తిరగడం మొదలైంది, ఎస్-మీటరు 3 దగ్గరే ఉండిపోయింది. తెల్లవారుజాము పరీక్ష కూడా చూడాలని ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. మంచు బాగా పడింది, చిటచిట రాలేదు. మర్నాడు పొద్దున కర్నూలు నుంచి ఒక హామ్ 5 వాట్లతో పిలుస్తుంటే ప్రతి అక్షరం విడివిడిగా అందింది. కొన్నాళ్లుగా మా పిలుపులకు బదులిస్తూనే ఉన్నానని, మేం వినకుండా వెళ్లిపోతున్నామని చెప్పాడు. ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం.

వానలు తగ్గుముఖం పట్టాక లైన్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, అక్టోబరు రాకముందే పక్క ఫీడర్ కూడా ఒకసారి వింటే బాగుంటుంది. ఏఈగారు కూడా అన్నారు" అని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా తీరానికి తుపానుల నెలలు. ఇప్పుడు ఎండ ఉన్న మధ్యాహ్నాలూ మంచు పడే తెల్లవారుజాములూ యాగీ పట్టుకుని అతనూ మేమూ నడుస్తున్నాం. 434 మీద మోగిన ప్రతి స్తంభం నంబరూ, ఎండకు మోగిందా చెమ్మకు మోగిందా అన్నదీ రాసి ఇస్తున్నాం. ఎండవైతే బిగింపులు చూస్తారు, చెమ్మవైతే ఇన్సులేటర్లు చూస్తారు. జాబితాలో మొదటి స్తంభాలకు వచ్చేవారం ఎల్‌సీ అడిగారు. రైతులతో మాట్లాడే పని మళ్లీ ఆసామి తీసుకున్నారు.